నిద్రకూ మగతకూ మధ్య

ఈమధ్య మా పాత బడిలో కొత్తగా చేరిన తెలుగు టీచరమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, పిల్లలకు మాటలు పెంచడం ఎలా? వాళ్లు ఒకదానితో ఒకటి కలిపేసే మాటల్ని విడదీసి చెప్పడం ఎలా? మీ దగ్గర మెటీరియల్ ఏమైనా ఉంటే పంపండి" అని అడిగింది.

"మెటీరియల్ లేదు తల్లీ, ఒక హెల్మెట్ ఉంది" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వేసింది. నేను తమాషాకి అనలేదు. పసుపు రంగు ఫ్యాక్టరీ హెల్మెట్, మా వరండాలో నిజంగానే ఉంది. అది ఎందుకుందో ఫోన్లో చెప్పేది కాదు, రాసి పంపుతానన్నాను. రాయడానికి కూర్చుంటే మధ్యాహ్నాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి. ఎప్పుడు ఏ బడికి బదిలీ అయ్యానో, ఎన్ని ట్రైనింగులకు వెళ్లానో ఇందులో రాయను. అవి చదివి ఎవరూ బాగుపడలేదు.

కళ్లు మూసుకునే గంట

మా బడి ముత్తంగి దాటాక కంది వైపు పోయే దారిలో, హైవే నుంచి బాగా లోపలికి ఉండేది. ఒక పక్క జొన్న చేలు, ఇంకో పక్క ఫ్యాక్టరీల ప్రహరీలు. మధ్యాహ్నమైతే ఎక్కడో ఒక బాయిలర్ సన్నగా మోగుతూనే ఉండేది. ఆ మోత వింటూ పిల్లలూ తూగేవాళ్లు, నిజం చెప్పొద్దూ, నేనూ తూగేదాన్ని. పిల్లల్లో సగం మంది ఆ ఊరి రైతుల పిల్లలు. మిగతా సగం ఫ్యాక్టరీ పని కోసం వచ్చి కిరాయి గదుల్లో ఉండేవాళ్ల పిల్లలు. నేనేమో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇంటి పిల్లని. మా నాన్న ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఆఫీసు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన కూడా అందులోనే షిఫ్టుల్లో పనిచేశాడు.

పర్యాయపదాలు బట్టీ పట్టించడమంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. సూర్యుడికి అయిదు పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లవాడిని ఎండకూ వేడికీ తేడా ఏమిట్రా అంటే నోరు తెరుచుకుని చూసేవాడు. బహుమతి ప్రదానం అనాల్సిన చోట ప్రధానం అని రాసిన బ్యానర్లు నేను లెక్కలేనన్ని దిద్దాను. మీరూ దిద్దండి, అది మన పని. కానీ ఆ తప్పు వల్ల బహుమతి చేతికి రాకుండా పోయినవాడు ఒక్కడూ లేడు. నన్ను ఇన్నేళ్లూ వదలని తప్పు వేరే రకానిది, దాని దగ్గరికి వస్తాను.

శుక్రవారం ఆఖరి గంటలో బోర్డు మీద రెండు మాటలు రాసేదాన్ని, పిల్లలు తరచూ ఒకటే అనుకునే మాటలు. అర్థం చెప్పకూడదు, అదొక్కటే షరతు. అందరూ కళ్లు మూసుకోవాలి. మాటను మనసులో రెండుసార్లు అనుకోవాలి. ఏం కనిపిస్తే అది చెప్పాలి. మొదట్లో కిచకిచమని నవ్వేవాళ్లు. తర్వాత తర్వాత ఆ గది నెమ్మదిగా నీళ్లలోకి దిగినట్టు నిశ్శబ్దమైపోయేది. కిటికీలోంచి జొన్న చేల గాలి వచ్చేది. నలభై మంది పిల్లలు కళ్లు మూసుకుని ఒక మాట కోసం వెతుక్కుంటూ ఉంటే చూస్తూ నిలబడడం ఎంత బాగుండేదో నేను చెప్పలేను. నా ఉద్యోగంలో నాకు దక్కిన సుఖం అదే.

"తొందర, ఆత్రం" అని రాశానొకసారి. ఒక పిల్ల కళ్లు తెరవకుండానే, "బస్సు ఎక్కెటోళ్లకు తొందర టీచర్. మా అమ్మమ్మ వస్తదంటే నాకు ఆత్రం" అంది. "తడి, చెమ్మ" అని రాస్తే వెనక బెంచీ నుంచి ఒకడు, "తడి ముట్టుకుంటె తెలుస్తది. చెమ్మ కూసున్నంక తెలుస్తది" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఏ నిఘంటువులో ఉందండీ ఇంత మంచి వివరణ?

ఒక శుక్రవారం తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలో నిలబడి, "ఏంది మేడం, పిల్లలను పండవెడుతున్నరా?" అన్నాడు. ఆయన పక్కనే మా హెడ్మాస్టర్ నర్సింలు సార్ ఉన్నారు. ఆయనది ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే తాతల కాలం నుంచి సేద్యం చేసిన ఇల్లు. ప్యాంటు పాదాల దగ్గర ఎప్పుడూ కొంచెం మట్టి ఉండేది. ఆయన తొణక్కుండా, "గిది మాటల క్లాసు సార్. జెర సేపు కూసోండ్రి, మీకు గూడ ఏదన్న కనవడ్తది" అన్నారు. అధికారి కూర్చున్నాడు. కళ్లూ మూసుకున్నాడు. ఆయనకు ఏం కనిపించిందో గానీ మేం లేపేదాకా లేవలేదు.

గొళ్లేనికి హెల్మెట్

మా ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. బయటివాళ్లకు చెబితే వింతగా చూస్తారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఇంట్లోవాళ్లు అతని హెల్మెట్ తెచ్చి వీధి తలుపు గొళ్లేనికి తగిలిస్తారు. అది వేలాడుతున్నంతసేపూ ఆ తలుపు ఎవరూ తట్టరు. కూరగాయల బండివాడు అరవకుండా వెళ్లిపోతాడు. పిల్లలు ఆట పక్క సందులోకి మార్చుకుంటారు. బంధువులు వచ్చినా హెల్మెట్ చూసి పక్కింట్లో కూర్చుంటారు. కర్మాగారం క్వార్టర్లకు నేను పెళ్లై వచ్చిన మొదటి వారంలో నేర్చుకున్నది అదే. ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న కిరాయి గదుల వరసల్లోనూ అదే పాటించేవాళ్లు.

ఆ నిశ్శబ్దం నాకెంతో ఇష్టంగా ఉండేది. మిట్టమధ్యాహ్నం వీధి మొత్తం ఒక మనిషి నిద్రకు కాపలా కాస్తున్నట్టు ఉండేది. ఎండ, నాలుగు తలుపుల మీద నాలుగు పసుపు హెల్మెట్లు, గిన్నెల చప్పుడు వినపడకుండా తోముకునే ఆడవాళ్లు. లేపడమంత పాపం లేదని మేం అనుకునేవాళ్లం. నేనూ మనస్ఫూర్తిగా అలాగే అనుకున్నాను.

ఎర్ర సిరా

ఎనిమిదో తరగతిలో స్వరూప అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, మొండిగా, ఏదైనా తేలేదాకా వదిలిపెట్టని రకం. వాళ్ల నాన్న అంజయ్య మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. రసాయనాలతో డ్రమ్ములు, ట్యాంకులు కడిగే పని. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. వాళ్లమ్మ పొద్దున్నే గోడౌన్ పనికి పోతే సాయంత్రానికి గానీ రాదు.

చలికాలంలో ఒక శుక్రవారం నాలుగు మాటలు రాశాను: నిద్ర, కునుకు, తూగు, మగత. కళ్లు మూసుకున్నారు. "కునుకు మా నాయనమ్మ పల్లీలు ఒలుసుకుంట తీస్తది" అంది ఒకమ్మాయి. "తూగు అంటె మీ క్లాసే టీచర్" అన్నాడు వెనక బెంచీవాడు. మగత దగ్గర మాత్రం వెతుకులాట ఎక్కువసేపు సాగింది. చివరికి ఒకడు, "నాకు జెరం వచ్చినప్పుడు అమ్మ పిలిస్తె చెర్వుల మునిగి ఇన్నట్టు ఇనవడ్డది" అన్నాడు. వాడి మాటకు నేను మురిసిపోయి, "చూశారా, మగత జబ్బు మనిషికి వస్తుంది" అని ముద్ర వేసేశాను. అర్థం చెప్పకూడదన్న షరతు నాదే, తప్పిందీ నేనే.

ఆ నాలుగు మాటలతో వాక్యాలు రాసుకు రమ్మన్నాను. స్వరూప ఇలా రాసింది: "మా నాయన డ్యూటీ నుంచి వచ్చినంక మగతల ఉంటడు."

నేను ఎర్ర పెన్నుతో మగత అన్న మాట కొట్టేసి పైన గాఢనిద్ర అని రాశాను. పక్కన మార్జిన్‌లో, "మగత రోగులకు వస్తుంది. సరైన పదం వాడు" అని రాసి అర మార్కు తీసేశాను. నా అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉంటాయని నాకు గర్వం. ఆ రోజు కూడా అందంగానే రాశాను.

నోటుబుక్కు తీసుకుని స్వరూప కాసేపు అక్కడే నిలబడింది. ఏదో అనబోయింది. వెనక ఇంకో ముప్పై నోటుబుక్కులు ఉన్నాయి. "జరుగమ్మా, వెనకవాళ్లని రానీ" అన్నాను. జరిగింది.

ఒంటిపూట

ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పన్నెండున్నరకు గంట కొట్టగానే ఆటో అందుకోవాలని నాకు ఆరాటం. ఒకరోజు గొడుగు తెరిచి గేటు దాటుతుంటే స్వరూప ఎదురొచ్చి నిలబడింది.

"టీచర్, నిద్రకు మగతకు తేడా ఎట్ల తెలుస్తది? సూస్తె రెండు ఒక్కతీర్గనే ఉంటున్నయ్" అంది.

పిల్ల అర మార్కు గురించి ఇంకా సాధిస్తోందనుకున్నాను. అయినా టీచర్ బుద్ధి కదా, అడిగితే చెప్పకుండా ఉండలేను. ఎండలో నిలబడే చెప్పాను. "పిలిచి చూడు. నిద్రపోయేవాడిని పిలిస్తే విసుక్కుంటాడు. ఎందుకే నా ప్రాణం తీస్తావ్ అంటాడు. మగతలో ఉన్నవాడు ఊఁ అంటాడు, మళ్లీ లోపలికి జారిపోతాడు. విసుక్కున్నాడంటే మనిషి వచ్చినట్టు లెక్క."

స్వరూప ఆ మాట లోపల ఎక్కడో దాచుకుంటున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత, "గని టీచర్, మా తలుపుకు హెల్మెట్ ఉంటది గద. పిలువొద్దు గద" అంది.

ఆటో హారన్ కొడుతున్నాడు. నేను ఆ పిల్ల ముఖం వైపు కూడా సరిగా చూడలేదు. "అయ్యో, హెల్మెట్ ఉన్నప్పుడు పిలవకమ్మా. పాపం, రాత్రంతా చేసి వచ్చిన మనిషి. పడుకోనీ" అని ఆటో ఎక్కేశాను.

దారిలో రెండు పక్కలా ఎండ తెల్లగా మెరుస్తోంది. ఆటో ఊపుకు నాకు కునుకు పట్టింది. ఆ కునుకులో స్వరూప ప్రశ్న మళ్లీ ఒకసారి వినిపించింది, ఎందుకడిగిందా అని కూడా అనిపించింది. కానీ నేను వెనక్కి తిరగలేదు. ఇంటికి వెళ్లేసరికి మా ఆయన రాత్రి డ్యూటీ దిగి నిద్రపోతున్నాడు. గొళ్లేనికి ఉన్న హెల్మెట్ కొంచెం పక్కకు ఒరిగి ఉంటే సరిచేసి, చప్పుడు చేయకుండా అన్నం తిన్నాను. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

"ఇసుక్కుంటలేడు"

మర్నాడు స్వరూప బడికి రాలేదు. నర్సింలు సార్ నన్ను తన గదిలోకి పిలిచారు. ఆయన ముందురోజు సాయంత్రమే కబురు తెలిసి ఆసుపత్రికి వెళ్లి వచ్చారట. జరిగింది మొత్తం ఆయన నోటే విన్నాను.

స్వరూప ఇంటికి పోయి తలుపు ముందు నిలబడింది. హెల్మెట్ ఉంది. చాలాసేపు నిలబడిందని ఎదురింటావిడ చెప్పిందట. తర్వాత హెల్మెట్ తీసి కింద పెట్టి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "నాయినా" అని పిలిచింది. అంజయ్య ఊఁ అన్నాడు. మళ్లీ పిలిచింది. మళ్లీ ఊఁ అన్నాడు. భుజం పట్టి ఊపింది, చెవి దగ్గర అరిచింది, ముఖాన నీళ్లు చల్లింది. ఊఁ అంటూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా కసురుకోలేదు. అప్పుడు ఆ పిల్ల బయటికి పరుగెత్తింది. అదే హెల్మెట్ తీసుకుని రేకు తలుపు మీద ధడాధడా కొట్టింది. వరసలో ఉన్న తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఏందే పోరీ, పిచ్చి లేసిందా? నీ అయ్య డ్యూటీ దిగొచ్చి పన్నడు, హెల్మెట్ తీస్తవా?" అని ఎదురింటావిడ చెయ్యి ఎత్తిందట.

"మా నాయిన ఇసుక్కుంటలేడు! జెర రాండ్రి, మా నాయిన ఇసుక్కుంటలేడు!" అని స్వరూప ఏడ్చిందట.

ఆ మాట అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆ ఏడుపు విని ఇద్దరు మగవాళ్లు లోపలికి వెళ్లి చూశారు. చూసి, ట్రాలీ ఆటోలో పరుపు వేసి అంజయ్యను ఆసుపత్రికి తీసుకుపోయారు. ట్యాంకు కడిగిన ప్రతి రాత్రీ ఆ రసాయనాల గాలి అతని ఒంట్లో చేరుతూ వచ్చిందని, సాయంత్రందాకా అలాగే వదిలేసి ఉంటే ఇక లేచేవాడు కాదని డాక్టరు చెప్పాడు. చలికాలం నుంచీ అతను అలాగే పడుకుంటున్నాడు. వీధి మొత్తం భక్తిగా చప్పుడు చేయకుండా ఉంది. ఒక్క పిల్ల మాత్రం అది నిద్ర కాదని కనిపెట్టి, సరైన మాట వెతికి పట్టుకుని, వాక్యం రాసి నా చేతిలో పెట్టింది. నేను కొట్టేశాను.

ఆ వాక్యం సంగతి, దాన్ని నేను ఎర్ర సిరాతో కొట్టేసిన సంగతి నర్సింలు సార్‌కి చెప్పాను. గేటు దగ్గర అన్న మాట చెప్పలేకపోయాను. ఆయన కోప్పడితే బాగుండునని నాకనిపించింది. ఆయన నెమ్మదిగా, "దిద్దిన్రు, మంచిగనే దిద్దిన్రు మేడం. గని ఆ మాట నీకు ఏడ దొరికింది బిడ్డా అని ఒక్కపాలి అడిగిన్రా?" అన్నారు. నా ఉద్యోగంలో ఏ ట్రైనింగూ నాకు ఇంత నేర్పలేదు.

స్వరూప నాలుగో రోజు బడికి వచ్చింది. క్లాసందరి ముందు ఆ నోటుబుక్కు అడిగి తీసుకుని, నా గీతను కొట్టేసి, "స్వరూప రాసింది సరి. నేను దిద్దింది తప్పు" అని రాసి సంతకం పెట్టాను. పిల్ల చదువుకుంది. "అర మార్కు?" అంది. అదీ వేశాను.

మక్క కంకులు

బడులు మళ్లీ తెరిచి, వానలు పడి, చేలు పచ్చబడ్డాక ఒక రోజు అంజయ్య క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు గానీ కళ్లు తేటగా ఉన్నాయి. ఫ్యాక్టరీ పని మానేసి వాళ్లన్న చెలకలో పని చేస్తున్నాడు. సంచిలో మక్క కంకులు తెచ్చాడు.

"మేడం, మీరు నేర్పినందుకే మా బిడ్డ నన్ను లేపింది. విసుక్కుంటే మనిషి వచ్చినట్టు అని మీరే చెప్పిన్రంట. మీ రుణం ఎట్ల తీర్సుకోవాలె?" అని రెండు చేతులూ జోడించాడు.

పక్కనే స్వరూప నిలబడి ఉంది. లేపొద్దని చెప్పింది కూడా నేనేనని మా ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు రాలేదు. స్వరూప నా ముఖంలోకి చూసి, చూపు తిప్పుకుని, "నాయినా, టీచర్‌కు క్లాసున్నది, పోదాం పా" అని వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది. పదమూడేళ్ల పిల్ల నా పరువు కాపాడింది. ఆ కంకులు ఇంటికి తెచ్చి కాల్చాను, ఒక్కటి కూడా తినలేకపోయాను.

ఇప్పుడు

నా రిటైర్మెంటు రోజున స్వరూప వచ్చింది. ఇప్పుడు సంగారెడ్డిలో ఒక కాలేజీలో ల్యాబ్ చూసుకుంటోంది, ఒక కూతురు. అంజయ్య ఇప్పటికీ అందరి మీదా విసుక్కుంటూ హాయిగా ఉన్నాడట. జనం తగ్గాక స్వరూపను పక్కకు పిలిచి ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. "లేపొద్దని నేనే చెప్పానే. మీ నాన్నకు ఎందుకు చెప్పలేదు?"

స్వరూప నవ్వింది. "తేడా చెప్పిన్రు గద టీచర్, అది పట్టుకున్న. ఆటో ఎక్కుకుంట చెప్పింది ఇడిసిపెట్టిన. మీరు చెప్పినయన్నీ ఎవలు ఇంటరు?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "చాన సేపు నిలవడ్డ టీచర్ ఆ తలుపు కాడ. భయమైంది" అంది. నేను ఏడ్చేశాను. బడి వదిలి పోతున్నందుకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

కొత్త టీచరమ్మాయీ, నువ్వడిగిన దానికి నేను చెప్పగలిగేది ఇంతే. మాటల మధ్య తేడాలు చెప్పు, చక్కగా చెప్పు, చెప్పకుండా ఉండకు. ఏ తేడా ఏ ఇంట్లో ఎప్పుడు పనికొస్తుందో మనకు తెలియదు. పిల్లలు రాసింది తప్పనిపిస్తే పెన్ను ఎత్తేముందు ఆ మాట ఎక్కడ చూశావని అడుగు. వెనక ముప్పై నోటుబుక్కులు ఉన్నా సరే అడుగు. ఆటో వెళ్లిపోతే ఇంకోటి వస్తుంది.

మా ఆయన కూడా రిటైరై చాలాకాలమైంది. ఆ పసుపు హెల్మెట్ వరండాలో మేకుకు వేలాడుతూ ఉంటుంది, పిచ్చుకలు గూడు పెట్టుకుంటాయేమోనని నేను చూస్తుంటాను. డాబా మీద నుంచి దూరంగా తెల్లాపూర్ అపార్టుమెంట్లు ఎండలో తేలుతూ కనిపిస్తాయి. మధ్యాహ్నం అన్నం తిని ఆయన పడుకుంటాడు. ఇల్లంతా ఆ పాత నిశ్శబ్దం కమ్ముకుంటుంది. నాకూ కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ కళ్ల వెనక జొన్న చేల గాలి, రేకు తలుపు ముందు నిలబడ్డ పిల్ల.

అప్పుడు లేచి కూర్చుని, "ఏమండీ" అని పిలుస్తాను.

పలకడు.

"ఏమండీ!"

"అబ్బబ్బ, ఏంటే నీ గోల? రోజూ ఇదే సంత. మనిషిని కాసేపు పడుకోనివ్వవా?" అని కసురుకుని అటు తిరిగి పడుకుంటాడు.

అమ్మయ్య, అనుకుని నేనూ పడుకుంటాను.